తొందరపడని ఎండోస్కోపీ: హైదరాబాదులో ఒక జీర్ణకోశ విభాగంపై సమీక్ష

హైదరాబాదులో ఎండోస్కోపీ చేసే చోట్లకు కొదవ లేదు. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల దగ్గర నుంచి కాలనీ మెయిన్‌రోడ్డు మీది నర్సింగ్ హోముల వరకు చాలా చోట్ల గొట్టం వేసి కడుపులోకి చూస్తారు, కొద్దిసేపటికే రంగుల ఫోటోలతో రిపోర్టు చేతికిస్తారు. కానీ ఆ గొట్టం లోపల ఎంతసేపు ఉంది, జీర్ణాశయంలో ఏయే మూలలు చూశారు, అనుమానం వచ్చిన చోట పరీక్షకు (బయాప్సీకి) ఎన్ని ముక్కలు తీశారు, ఆ తర్వాత రోగిని మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు అన్న విషయాల మీదే కడుపు క్యాన్సర్ తొలి దశలో దొరకడం గానీ, చేయి దాటాక దొరకడం గానీ ఆధారపడి ఉంటుంది. నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి జీర్ణకోశ విభాగంలో మా మేనమామకు జరిగిన పరీక్షను, దాని ముందూ వెనకా అందిన సేవను దగ్గరుండి చూశాను కనుక ఈ సమీక్ష రాస్తున్నాను. ఆసుపత్రి పేరు ఇవ్వడం లేదు. ఇందులో మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి. పైగా ఇక్కడ నాకు నచ్చిన పద్ధతిని ఏ ఆసుపత్రికి వెళ్లినా అడిగి చేయించుకోవచ్చు.

మా మామయ్య ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు, వయసు అరవై దాటింది, బీడీ అలవాటు చాలా ఏళ్లుగా ఉండేది. కొన్ని నెలలుగా ఆయనకు తిన్నది అరగడం లేదు, పుల్లటి తేన్పులు, పొట్ట పైభాగంలో బరువుగా ఉండటం. వనస్థలిపురంలో తమ వీధి చివరి మందుల దుకాణంలో పాంటోప్రజోల్ మాత్రలు కొనుక్కుని పరగడుపున వేసుకుంటూ, ‘గ్యాస్ ట్రబుల్’ అని అందరికీ చెబుతూ కాలం గడిపారు. మాత్ర వేసుకున్న వారం బాగానే ఉండేది, మానేస్తే మళ్లీ మొదలయ్యేది. పిల్లల బలవంతం మీద ఒక డయాగ్నస్టిక్ సెంటరులో మాస్టర్ హెల్త్ చెకప్ చేయించుకుంటే పొట్ట స్కానింగులో ఏమీ లేదని వచ్చింది, లివరు, కిడ్నీ పరీక్షలు బాగున్నాయి, ప్యాకేజీలో భాగంగా చేసిన సీఈఏ అనే క్యాన్సర్ మార్కరు కూడా మామూలుగానే ఉంది. హిమోగ్లోబిన్ మాత్రం తొమ్మిదికి అటూ ఇటూగా ఉంటే, బీట్‌రూట్, ఖర్జూరం తినమని ఒక కాగితం మీద రాసి పంపించారు.

ఆ ప్యాకేజీ రిపోర్టు చూసి ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉండిపోవడం నన్ను ఇప్పటికీ కలవరపెట్టే విషయం. పొట్ట మీద జెల్లీ రాసి చేసే అల్ట్రాసౌండ్ స్కానింగుకు లివరు, పిత్తాశయం, కిడ్నీలు చక్కగా కనిపిస్తాయి గానీ, గాలితో నిండి ఉండే జీర్ణాశయం లోపలి పొర కనిపించదు. బాగా పెరిగి గోడ మందమైతేనో, చుట్టూ నీరు చేరితేనో, లివరుకు పాకితేనో తప్ప కడుపు క్యాన్సర్‌కు అది ఆనవాలు పట్టదు. సీఈఏ, సీఏ 19-9 వంటి రక్తపరీక్షలు జబ్బు నిర్ధారణ అయ్యాక చికిత్స ఎలా సాగుతున్నదీ గమనించడానికి కొంత ఉపయోగపడతాయి తప్ప, తొలి దశ క్యాన్సర్ ఉన్న చాలామందిలో అవి మామూలుగానే ఉంటాయి. అందువల్ల అవి బాగున్నాయన్న భరోసా కడుపు విషయంలో పెద్దగా పనికిరాదు. ఆ మొత్తం ప్యాకేజీలో అసలు సూచన ఒక్కటే ఉంది, అది హిమోగ్లోబిన్. అరవై దాటిన మగవాడికి, మెనోపాజ్ దాటిన స్త్రీకి ఐరన్ లోపంతో రక్తహీనత వస్తే, ఆహారలోపం అనుకునే ముందు జీర్ణనాళంలో ఎక్కడైనా రక్తం కారుతోందేమోనని వెతకాలి.

ఈ విభాగంలో నాకు మొదట నచ్చింది ఓపీ గది. టోకెను పిలిచి లోపలికి వెళ్లాక డాక్టరు మేడం పాత రిపోర్టుల ఫైలు పక్కన పెట్టి, ముందు మామయ్యతో మాట్లాడారు. ‘ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందండీ? ఎంత తింటున్నారు?’ అని అడిగితే ఆయన, ‘రెండు బుక్కలు తినంగనే కడుపు నిండినట్టు అయితుంది మేడం, ఆకలైతది గని తినబుద్ధి కాదు’ అన్నారు. బరువు తగ్గారా అంటే తెలియదన్నారు. ఇంట్లో బరువు చూసుకునే అలవాటు లేదు. ఆమె వెంటనే ప్రశ్న మార్చి, బట్టలు వదులయ్యాయా అని అడిగారు. ‘బెల్టుకు కొత్తగ రెండు తూట్లు పొడిచిన’ అన్నారాయన. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తర్వాత మలం రంగు గురించి అడిగారు. నల్లగా వస్తోందా అని అడిగి ఊరుకోకుండా, తారులాగా జిగటగా, మామూలు కంటే భిన్నమైన దుర్వాసనతో ఉంటోందా, ఐరన్ మాత్రలు ఏమైనా వాడుతున్నారా అని విడమరిచి అడిగారు. ఎందుకంటే ఐరన్ మాత్రలు, బిస్మత్ ఉన్న మందులు వాడినా మలం నల్లబడుతుంది, అది రక్తం కాదు. ముద్ద మింగేటప్పుడు ఎక్కడైనా అడ్డుపడుతోందా, నిన్న తిన్నది ఇవాళ వాంతిలో కనిపిస్తోందా, తోబుట్టువుల్లో గానీ తల్లిదండ్రుల్లో గానీ ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చిందా, గతంలో కడుపుకు ఆపరేషన్ జరిగిందా అన్నవి కూడా అడిగి, పొట్ట పైభాగాన్నీ, ఎడమ కాలర్‌బోన్ పైన మెడ దగ్గర గ్రంథులనూ చేతితో తడిమి చూశారు.

ఈ ప్రశ్నల వెనుక ఉన్న కారణం చదువరులకు తెలియాలి. కడుపు క్యాన్సర్ మొదట్లో దాదాపు ఏ బాధా పెట్టదు. పెట్టినా అది అజీర్తి, ఉబ్బరం, మంట వంటి ఎవరికైనా వచ్చే మామూలు బాధల వేషంలోనే ఉంటుంది. గ్యాస్ బాధ ఉన్నవారిలో నూటికి తొంభై మందికి పైగా క్యాన్సర్ ఉండదు కనుక ప్రతి తేన్పుకూ భయపడనక్కరలేదు. అయితే కారణం తెలియకుండా బరువు తగ్గడం, కొంచెం తినగానే కడుపు నిండిపోవడం, మింగడం కష్టం కావడం, ఆగని వాంతులు, రక్తపు వాంతి లేదా తారులాంటి మలం, రక్తహీనత, పొట్టలో చేతికి తగిలే గడ్డ, రక్తసంబంధీకుల్లో ఈ జబ్బు, వీటిలో ఏ ఒక్కటి అజీర్తితో కలిసినా మాత్రలతో సరిపెట్టుకోకూడదు. ఈ గుర్తులేవీ లేకపోయినా, పెద్ద వయసులో కొత్తగా అజీర్తి మొదలైతే ఎండోస్కోపీ చేయించమనే మార్గదర్శకాలు చెబుతాయి; అమెరికా వైద్యులు ఆ గీతను 60 ఏళ్ల దగ్గర గీశారు, ఆసియాలోని చాలా సూచనలు అంతకంటే తక్కువ వయసులోనే చేయమంటాయి. మా మామయ్యకు గుర్తులు ఒకటికి మించి ఉన్నాయి, అవి నెలల తరబడి మా కళ్ల ముందే ఉన్నాయి.

పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటి మాత్రల గురించి డాక్టరు చెప్పిన సంగతి మరీ ముఖ్యమైనది. అవి ఆమ్లాన్ని తగ్గిస్తాయి, నిజమైన అల్సరుకు మంచి మందులు. కానీ క్యాన్సర్ పుండు మీద కూడా ఆమ్లం తాకిడి తగ్గి బాధ ఉపశమిస్తుంది, కొన్నిసార్లు పుండు పైపైన మానినట్టు కనిపిస్తుంది కూడా. అంటే మాత్రకు తగ్గింది కాబట్టి ఇది గ్యాసే అన్న లెక్క చెల్లదు. వీలైతే పరీక్షకు రెండు వారాల ముందు ఈ మాత్రలు ఆపడం మంచిదని, హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమిని పట్టుకోవడానికి కూడా అది అవసరమని ఆమె చెప్పారు. అయితే మామయ్యకు రక్తహీనత ఉంది గనుక అంతవరకు ఆగకుండా రెండు రోజుల్లోనే తేదీ ఇచ్చారు. ఎవరికి ఆగవచ్చు, ఎవరికి ఆగకూడదు అన్న ఈ తూకం నాకు చాలా నమ్మకం కలిగించింది.

పరీక్షకు ముందు రోజు విభాగం నుంచి ఫోను వచ్చింది. రాత్రి భోజనం తేలికగా చేసి, ఆ తర్వాత ఘనాహారం ఏదీ తీసుకోవద్దని, కట్టుడు పళ్లుంటే తీసి రావాలని, రక్తం పలచబరిచే మందులు, షుగరు మందులు వాడుతుంటే ముందే చెప్పాలని, వాటిని సొంతంగా మానవద్దని, మత్తు ఇస్తారు కాబట్టి తోడు మనిషి తప్పనిసరి అని, ఆ రోజు బండి నడపకూడదని చెప్పారు. పొద్దున వెళ్లగానే చిన్న గ్లాసులో తెల్లటి ద్రావణం తాగించారు. కడుపులోని నురగను విరగ్గొట్టే సిమెథికోన్ అది. చాలాచోట్ల దీన్ని ఇవ్వరు. జీర్ణాశయం లోపలి గోడ మీద నురగ, చీమిడి వంటి జిగురు పేరుకుని ఉంటే, చదునుగా ఉండే తొలి దశ మచ్చ దాని కింద దాగిపోతుంది. అటువంటి మచ్చకు ఎత్తు ఉండదు, రంగులో కొద్దిపాటి తేడా మాత్రమే ఉంటుంది. ఇంటి గోడ మీద తడి చెమ్మ మొదలైనప్పుడు సున్నం రంగు కొంచెం మారి కనిపించడం ఎలాంటిదో ఇది అలాంటిది, తుడిచి, వెలుతురు పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

గొంతులో మొద్దుబారే స్ప్రే కొట్టి, చేతికి సూది ద్వారా తేలికపాటి మత్తు ఇచ్చారు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్ల పెట్టి, చిటికెన వేలు కంటే సన్నటి గొట్టాన్ని లోపలికి పంపారు. నన్ను గది బయట కూర్చోబెట్టారు, తర్వాత వీడియో చూపించి వివరించారు. ఆ వీడియో చూడటం నాకు ఒక పాఠం. గొట్టం తిన్నగా చిన్న పేగు మొదటి భాగం వరకు వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి వస్తూ జీర్ణాశయంలో ప్రతి గోడనూ చూసింది. మధ్యమధ్యలో నీళ్లు చిమ్మి కడిగారు, పీల్చేశారు, గాలి నింపి మడతలు విప్పారు. ఆ మడతలు విప్పడం కూడా ఒక పరీక్షే. లినైటిస్ ప్లాస్టికా అనే రకంలో క్యాన్సర్ కణాలు గోడ లోపల పాకి, పైపొర చూడటానికి మామూలుగా ఉంటుంది గానీ గాలి ఊదినా కడుపు సాగదు. చివరికి గొట్టాన్ని యూ ఆకారంలో వెనక్కి వంచి, అన్నవాహిక కలిసే చోటునూ, పై గుమ్మటాన్నీ కిందినుంచి చూశారు. వంపు తిరిగే మూల దగ్గర, ఇన్సిసూరా అంటారు దాన్ని, ఒక పుండు కనిపించింది. అక్కడ దీపం రంగు మార్చి, నీలం, ఆకుపచ్చ కాంతులతో పనిచేసే నారో బ్యాండ్ ఇమేజింగ్‌లో రక్తనాళాల అల్లికను దగ్గరగా చూశారు.

మొత్తం ఎంతసేపు పట్టిందో రిపోర్టులో రాశారు: పదకొండు నిమిషాలు. ఈ అంకె రాయడాన్ని నేను ఎంతో గొప్ప విషయంగా భావిస్తాను. సింగపూర్ వైద్యులు 2015లో ప్రచురించిన ఒక పరిశీలనలో, సగటున ఏడు నిమిషాలకు పైగా సమయం తీసుకునే వైద్యులు, త్వరగా ముగించేవారి కంటే దాదాపు రెట్టింపు సంఖ్యలో ప్రమాదకరమైన మార్పులను పట్టుకున్నారని తేలింది. మరోవైపు, అన్నవాహిక, కడుపు భాగాల క్యాన్సర్ బయటపడినవారిలో సుమారు పదిమందిలో ఒకరికి అంతకుముందు మూడేళ్లలోపే ఎండోస్కోపీ జరిగి కూడా జబ్బు దొరకలేదని 2014లో వచ్చిన ఒక విశ్లేషణ లెక్కకట్టింది. ‘గొట్టం వేశారు, ఏమీ లేదన్నారు’ అన్న మాట విన్నప్పుడు ఆ గొట్టం ఎంతసేపు ఉందని అడగడం తప్పేమీ కాదు. నాకు తెలిసిన మరో చోట, పేరు చెప్పను, ఉదయం వరుసగా రోగులను పడుకోబెట్టి ఒక్కొక్కరినీ రెండు మూడు నిమిషాల్లో ముగించి, అందరికీ ఒకే వాక్యం ఉన్న రిపోర్టు ఇచ్చారు. మా బంధువుల్లో ఒకరి రిపోర్టులో రెండే ఫోటోలు ఉన్నాయి. ఇక్కడి రిపోర్టులో ఇరవైకి పైగా ఫోటోలు, ప్రతి దాని కింద అది జీర్ణాశయంలో ఏ భాగమో రాసి ఉన్నాయి.

ముక్కల విషయంలో కూడా ఇక్కడి పద్ధతి శ్రద్ధగలది. పుండు అంచుల చుట్టూ ఏడు ముక్కలు తీశారు; పుండు నడుమ చచ్చిన కణాలే ఎక్కువగా ఉంటాయి గనుక అంచులు ముఖ్యం. కడుపు పుండులో క్యాన్సర్ ఉంటే ఒకే ముక్కతో అది దొరికే అవకాశం సుమారు 70 శాతమని, ఏడు తీస్తే 98 శాతం దాటుతుందని 1980ల నుంచే తెలుసు. వీటితో పాటు పుండుకు దూరంగా, జీర్ణాశయం కింది భాగం నుంచి, నడిమి భాగం నుంచి విడివిడిగా మరికొన్ని ముక్కలు తీసి వేరే సీసాల్లో వేశారు. మాత్రలు వాడుతూ వచ్చినవారిలో హెలికోబాక్టర్ క్రిమి కింది భాగం వదిలి పైకి జరుగుతుంది కాబట్టి రెండు చోట్లా వెతకాలని చెప్పారు. ప్రతి సీసా మీద భాగం పేరు, రోగి పేరు రాసిన చీటీ అతికించి, నర్సు మా ముందే చదివి వినిపించింది. ఈ చదివి వినిపించడానికి అర నిమిషం కూడా పట్టదు, అయినా అన్నిచోట్లా చేయరు.

ఈ క్రిమి గురించి కొంచెం చెప్పాలి. ఆస్ట్రేలియాకు చెందిన రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ 1982లో దీన్ని కడుపు పొరల నుంచి వేరు చేసి పెంచారు; ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకదని నమ్మే రోజుల్లో, మార్షల్ 1984లో ఆ క్రిమి ఉన్న ద్రవాన్ని తానే తాగి, కడుపు పూత తెచ్చుకుని నిరూపించారు. వారికి 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1994లోనే దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే కారకాల మొదటి వర్గంలో చేర్చింది. క్రిమి ఉన్నవారిలో అత్యధికులకు క్యాన్సర్ రాదు. కానీ కొందరిలో ఏళ్ల తరబడి వాపు ఉండి, పొర పలచబడి, కడుపు పొర పేగు పొర రూపంలోకి మారి, ఆపై కణాల తీరు చెడి, చివరికి క్యాన్సర్‌గా మారుతుంది. ఈ మెట్లన్నీ దాటడానికి దశాబ్దాలు పడుతుంది, కనుకనే మధ్యలో ఎక్కడైనా ఆపగలిగే వీలుంది. పొగాకు, ఉప్పులో నిల్వ ఉంచిన పదార్థాలు, పొగబెట్టిన మాంసం ఈ ప్రయాణాన్ని తొందర చేస్తాయి. మన ఇళ్లలో తప్పంతా కారం మీదికి నెట్టేస్తారు గానీ, బీడీ కట్టను మాత్రం ఎవరూ అనుమానించరు.

మొదటి ముక్క పరీక్షలో క్యాన్సర్ లేదని వచ్చింది. క్రిమి ఉందని, కడుపు పొర పేగు పొరగా మారిన ఛాయలు ఉన్నాయని రాశారు. ఇంట్లో అందరం తేలికపడ్డాం. పద్నాలుగు రోజుల యాంటీబయాటిక్ కోర్సు, ఆమ్లం తగ్గించే మందు, ఐరన్ ఇచ్చారు. రిపోర్టు అడుగున మాత్రం ఒక వాక్యం ఉంది: మందులు పూర్తయ్యాక, ఎనిమిది వారాలకు మళ్లీ ఎండోస్కోపీ చేసి పుండు పూర్తిగా మానిందని నిర్ధారించాలి. చిన్న పేగులో వచ్చే మామూలు అల్సరుకు సాధారణంగా ఈ అవసరం ఉండదు, జీర్ణాశయంలో వచ్చిన పుండుకు ఉంటుంది. 98 శాతం అంటే నూటికి నూరు కాదు గనుక, మానని పుండును మంచిదని వదిలేయకూడదు.

ఈ సేవకు నేను ఎక్కువ మార్కులు ఇవ్వడానికి అసలు కారణం ఆ తర్వాత జరిగినదే. మందులతో మామయ్య ఆకలి పెరిగింది, ముఖం తేటపడింది, రెండోసారి గొట్టం వేయించుకోనని మొండికేశారు. తేదీ దాటిన నాలుగో రోజున విభాగంలోని నర్సు స్వయంగా ఫోను చేసింది. ‘అంకుల్, మీ పేరు మా రిజిస్టర్‌ల ఉంది, మీరు రాలే. మేడం అడుగుతున్నరు’ అంది. ఆయన బాగానే ఉన్నానంటే, బాగున్నప్పుడే చూడాలని, వారం లోపల రాకపోతే మళ్లీ చేస్తానని చెప్పింది. మళ్లీ చేసింది కూడా. రెండోసారి పరీక్షలో పుండు చాలావరకు మానింది, కానీ మచ్చ అంచున ఒక పక్క చిన్న గరుకు చోటు మిగిలి ఉంది. నారో బ్యాండ్ కాంతిలో అక్కడ రక్తనాళాలు వంకరటింకరగా, చుట్టుపక్కల పొరకు భిన్నంగా కనిపించాయి. అక్కడి నుంచి తీసిన ముక్కల్లో అడినోకార్సినోమా అనే క్యాన్సర్ ఉందని వచ్చింది.

ఆ మాట చెప్పిన తీరు కూడా సేవలో భాగమే. కౌంటరు దగ్గర కవరు ఇచ్చి పంపకుండా, డాక్టరు గదిలో కూర్చోబెట్టి, మామయ్యతోనే నేరుగా, ఆయనకు అర్థమయ్యే తెలుగులో చెప్పారు. ‘ఇది క్యాన్సరే. కానీ చాలా చిన్నగా, పైపొరలో ఉన్నట్టు ఉంది. ఎంత లోతుకు వెళ్లిందో చూశాక ఏం చేయాలో చెప్తాను’ అన్నారు. మా వాళ్లు ఆయనకు చెప్పకుండా దాచమని చాటుగా అడిగారు. ఆయన జబ్బు గురించి తెలుసుకునే హక్కు ఆయనదేనని ఆమె మర్యాదగా తోసిపుచ్చారు. తర్వాత గొట్టం చివర అల్ట్రాసౌండ్ ఉండే పరికరంతో గోడ లోతును, సీటీ స్కానుతో గ్రంథులను, లివరును చూశారు. పైపొరకే పరిమితమై, ఒకటిన్నర సెంటీమీటరుకు లోపు ఉండటంతో పొట్ట కోయకుండా ఎండోస్కోపీ ద్వారానే ఆ పొరను ఒలిచి తీసే ఈఎస్‌డీ అనే చికిత్స చేశారు. తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేదని వచ్చింది. ఆయన ఇకమీదట కూడా ఏటా పరీక్షకు రావాలి, ఎందుకంటే మిగిలిన కడుపులో మరోచోట కొత్తగా వచ్చే అవకాశం ఉంటుంది. ఇదే జబ్బు ముదిరాక దొరికి ఉంటే కడుపు తీసేయడం, కీమోథెరపీ, ఇంకా ఆలస్యమైతే బాధ తగ్గించడం తప్ప దారి ఉండేది కాదు. తొలి దశలోనే చికిత్స జరిగితే ఐదేళ్ల తర్వాత కూడా బతికి ఉండేవారు 90 శాతానికి పైగా ఉన్నారని జపాన్ అనుభవం చెబుతోంది.

లోపాలు లేవని కాదు. ఇచ్చిన సమయం కంటే గంటన్నర ఆలస్యంగా లోపలికి పిలిచారు, పరగడుపున ఉన్న పెద్దవాళ్లకు అది కష్టం; షుగరు ఉన్నవారిని ముందు పిలుస్తామని బోర్డు మీద ఉన్నా, అడిగితే తప్ప పిలవడం చూడలేదు. ఎండోస్కోపీకి చెప్పిన ధర నాలుగైదు వేల మధ్య ఉంది గానీ, మత్తు, ముక్క పరీక్ష, వాడి పారేసే సామగ్రి విడివిడిగా కలిసి బిల్లు దాదాపు రెట్టింపు అయింది. ఈ మొత్తం ముందే కాగితం మీద రాసి ఇవ్వాలి. ముక్క పరీక్ష ఫలితం చెప్పిన రోజుకు రాలేదు, మూడు రోజులు ఆలస్యమైంది. నిరీక్షణ గదిలో కుర్చీలు తక్కువ, మత్తు దిగని వారిని నడిపించుకుని వచ్చే దారి ఇరుకు. పరికరాలు శుభ్రం చేసే గది అద్దాల వెనుక కనిపిస్తుంది. గొట్టంలో లీకేజీ ఉందేమో చూడటం, ఎంజైము ద్రావణంతో తోమడం, క్రిమిసంహారకంలో నానబెట్టడం, ఆరబెట్టడం వరుసగా జరుగుతున్నాయి. ఇందులో నాకు లోపం కనిపించలేదు.

ఖర్చు భరించలేనివారికి నగరంలో వేరే దారులున్నాయి. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లోనూ నిమ్స్‌లోనూ జీర్ణకోశ విభాగాలున్నాయి; క్యాన్సర్ నిర్ధారణ అయితే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది. రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో ఐదు లక్షల నుంచి పది లక్షల రూపాయలకు పెంచారు, కార్డు ఉన్నవారు చికిత్సకు ముందే ఆరోగ్యమిత్రను కలవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రద్దీ ఎక్కువ, తేదీ దొరకడం ఆలస్యం కావచ్చు. బరువు తగ్గడం, రక్తహీనత వంటి గుర్తులుంటే ఆ మాట ఓపీ చీటీ మీద స్పష్టంగా రాయించుకోవాలి.

ఏ బాధా లేనివారు అందరూ ఎండోస్కోపీ చేయించుకోవాలా అని చాలామంది అడుగుతున్నారు. దక్షిణ కొరియాలో ఈ జబ్బు చాలా ఎక్కువ గనుక 40 ఏళ్లు దాటిన అందరికీ రెండేళ్లకోసారి ప్రభుత్వమే పరీక్ష చేయిస్తుంది. మన దేశంలో అటువంటి కార్యక్రమం లేదు, మొత్తం మీద ఇక్కడ జబ్బు అంత ఎక్కువగానూ లేదు. మిజోరం వంటి ఈశాన్య ప్రాంతాల సంగతి వేరు. ప్రపంచంలో 2022లో సుమారు 9.7 లక్షల మందికి కడుపు క్యాన్సర్ కొత్తగా బయటపడింది, 6.6 లక్షల మంది దానితో చనిపోయారు. నా అభిప్రాయం ఏమిటంటే, తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ జబ్బు వచ్చినవారు కనీసం హెలికోబాక్టర్ పరీక్ష, అంటే ఊపిరి పరీక్ష గానీ మలపరీక్ష గానీ, చేయించుకుని, క్రిమి ఉంటే పూర్తి కోర్సు వాడి, అది పోయిందని నాలుగు వారాల తర్వాత మళ్లీ నిర్ధారించుకోవాలి. మామయ్య పిల్లలు ముగ్గురికీ ఇదే విభాగంలో ఊపిరి పరీక్ష చేయించాం, ఇద్దరికి క్రిమి ఉన్నట్టు తేలింది.

ఒక ఫిర్యాదును మాత్రం రాతపూర్వకంగా ఇచ్చాను. మామయ్య చేత సంతకం చేయించుకున్న అంగీకార పత్రం పూర్తిగా ఆంగ్లంలో ఉంది, మత్తు వల్ల, ముక్క తీయడం వల్ల వచ్చే అపాయాలు ఏమిటో ఆయన చదువుకోలేకపోయారు. నర్సు నోటితో చెప్పిందే ఆధారం. తెలుగులో, ఉర్దూలో కూడా పత్రం ఉండాలని, పరీక్ష తర్వాత రక్తపు వాంతి, నల్లటి మలం, ఆగని కడుపునొప్పి, జ్వరం వస్తే ఏ నంబరుకు ఫోను చేయాలో అందులోనే పెద్ద అక్షరాల్లో రాయాలని కోరాను. రెండోసారి వెళ్లేసరికి పరీక్ష తర్వాత జాగ్రత్తల కాగితం తెలుగులో ఇస్తున్నారు, కింద నంబరు కూడా ఉంది. అంగీకార పత్రం మాత్రం ఇంకా ఆంగ్లంలోనే ఉంది.